వైద్య నిర్లక్ష్యం: గ్రామీణ రోగికి చట్టపరంగా ఉన్న మార్గాలు – మేళ్లచెరువు నేపథ్యంలో ఒక పరిశీలన

(ప్రత్యేక వ్యాసం – సూర్యాపేట జిల్లా)

సిమెంటు కర్మాగారాలకు, శంభులింగేశ్వరస్వామి క్షేత్రానికి పేరుగాంచిన మేళ్లచెరువు, పూర్వపు నల్గొండ జిల్లాలో మారుమూల మండలం. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో ఇది సూర్యాపేట జిల్లాలో చేరింది. ఈ ప్రాంతంలో జ్వరం వచ్చిన మనిషి ముందుగా ఊళ్లోని ఆర్.ఎం.పి. వద్దకు వెళతాడు. తగ్గకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గాని, హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడల్లోని నర్సింగ్ హోంలకు గాని చేరతాడు. పరిస్థితి విషమిస్తే సూర్యాపేట, ఖమ్మం, హైదరాబాద్, సరిహద్దు దాటి విజయవాడ దారి పడతాడు. నాలుగు చేతులు మారిన తరువాత రోగికి ప్రాణహానియో అంగవైకల్యమో సంభవిస్తే, తప్పు ఎక్కడ జరిగింది, ఎవరిని అడగాలి, ఏ కార్యాలయానికి వెళ్లాలి అన్నవి కుటుంబానికి అంతుపట్టని ప్రశ్నలుగా మిగిలిపోతున్నాయి. సాధారణంగా ఆసుపత్రి ముందు ఆందోళన, పెద్దమనుషుల మధ్య బేరం, ఎంతో కొంత సొమ్ము, తెల్లకాగితంపై సంతకంతో వ్యవహారం ముగుస్తున్నది.

చట్టం ఇంతకంటె మెరుగైన మార్గాలను కల్పించింది. గత ఐదారేళ్లలో వాటిలో ముఖ్యమైన మార్పులు కూడా వచ్చాయి. ఆ మార్గాలేమిటో, వాటి పరిమితులేమిటో క్షేత్రస్థాయి అధికారులకు, పాత్రికేయులకు తెలియజేయుట ఈ వ్యాసం ఉద్దేశ్యం.

నిర్లక్ష్యం అంటే ఏమిటి?

చికిత్స ఫలించకపోవడం, రోగి మరణించడం వాటంతటవే నిర్లక్ష్యం కావు. ఆ వృత్తిలో సాధారణ నైపుణ్యం గల వైద్యుడు అదే పరిస్థితిలో తీసుకోవలసిన జాగ్రత్త తీసుకోనప్పుడే అది నిర్లక్ష్యమవుతుంది. జాకబ్ మాథ్యూ వర్సెస్ పంజాబ్ రాష్ట్రం కేసులో 2005 ఆగస్టు 5న సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని స్పష్టపరచింది. పరిహారం కోరడానికి సాధారణ నిర్లక్ష్యం రుజువైతే చాలునని, జైలు శిక్షకు మాత్రం తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని చెప్పింది. ఈ భేదం తెలియక పోలీసు స్టేషన్ వద్దనే ఆగిపోయి, పరిహారం పొందే మార్గాన్ని గడువు దాటే వరకు మరచిపోతున్న కుటుంబాలు నష్టపోతున్నాయి.

ప్రధాన మార్గం – వినియోగదారుల కమిషన్

ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి.శాంత కేసులో 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, ఫీజు తీసుకొని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కింద 'సేవ'గా గుర్తింపు పొందింది. 2019 నాటి కొత్త వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. అందులో వైద్యం పేరు ప్రత్యేకంగా లేనందున వైద్యులు దాని పరిధిలోకి రారన్న వాదనను సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో అంగీకరించలేదు. న్యాయవాదుల సేవలు ఈ చట్టం కిందకు రావని 2024 మే 14న చెప్పిన ధర్మాసనం, శాంత తీర్పును కూడా పునఃపరిశీలించాలని సూచించింది. ఆ అవసరం లేదని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 నవంబరులో పేర్కొన్నందున వైద్యసేవలపై పాత స్థితియే కొనసాగుతున్నది.

గ్రామీణ రోగికి ఈ చట్టంలో ఉపకరించే అంశాలు నాలుగు కలవు.

మొదటిది, ఫిర్యాదుదారు నివసించే చోటనే ఫిర్యాదు చేయవచ్చు. 1986 నాటి చట్టంలో ఆసుపత్రి ఉన్న ప్రాంతానికో, సంఘటన జరిగిన ప్రాంతానికో వెళ్లవలసి వచ్చేది. ఇప్పుడు మేళ్లచెరువు వాసికి విజయవాడ ఆసుపత్రిలో హాని జరిగినా పూర్వపు నల్గొండ జిల్లాకు సంబంధించిన నల్గొండలోని జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. సరిహద్దు మండలాలకు ఇది అతి పెద్ద వెసులుబాటు.

రెండవది, ఏ కమిషన్‌కు వెళ్లాలన్నది కోరే పరిహారాన్ని బట్టి గాక, ఆసుపత్రికి చెల్లించిన సొమ్మును బట్టి నిర్ణయమవుతుంది. 2021 డిసెంబరు నాటి నిబంధనల ప్రకారం చెల్లింపు రూ. 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్, రూ. 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్ విచారిస్తాయి. చెల్లించిన సొమ్ము రూ. 5 లక్షలు మించకపోతే దాఖలు రుసుము లేదు. కాన్పుకు రూ. 40 వేలు చెల్లించిన కుటుంబం రూ. 30 లక్షల పరిహారం కోరినా జిల్లా కమిషన్‌లో రుసుము లేకుండానే కేసు వేయవచ్చు. ఈ పద్ధతి రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది.

మూడవది, న్యాయవాది తప్పనిసరి కాదు. ఫిర్యాదును ఆన్‌లైన్‌లో దాఖలు చేసే సదుపాయం 2020 సెప్టెంబరులో ఈ-దాఖిల్ పేరుతో మొదలై, 2025 జనవరి నుంచి ఈ-జాగృతి వేదికగా అందుబాటులోకి వచ్చింది. దరఖాస్తు చేసుకుంటే వీడియో ద్వారా విచారణకు హాజరయ్యే వీలును కూడా చట్టం కల్పించింది. సలహా కొరకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కు ఫోన్ చేయవచ్చు.

నాలుగవది గడువు. సంఘటన జరిగిన రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి. సరైన కారణం చూపితే జాప్యాన్ని కమిషన్ మన్నించవచ్చు గాని, అది హక్కు కాదు. "ఆసుపత్రి వాళ్లు ఇస్తామన్నారు, ఎదురు చూశాం" అన్న సమాధానం అన్నిసార్లూ చెల్లదు.

మరణం లేదా తీవ్రమైన గాయానికి దారితీసిన వైద్య నిర్లక్ష్యం కేసులను మధ్యవర్తిత్వానికి పంపరాదని 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. జిల్లా కమిషన్ తీర్పుపై 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. పరిహారం చెల్లించవలసిన పక్షం అప్పీలుకు వెళ్లాలంటే అందులో సగం సొమ్మును ముందుగా జమ చేయాలి.

మలేరియా జ్వరం – మన రాష్ట్రం నుంచి వచ్చిన తీర్పు

నిపుణుడైన వైద్యుని సాక్ష్యం లేకపోతే కేసు నిలవదన్న భయం గ్రామీణ కుటుంబాల్లో అధికం. తోటి వైద్యునిపై సాక్ష్యం చెప్పడానికి మరో వైద్యుడు ముందుకు రావడం కష్టమే. ఈ చిక్కుముడిని విప్పిన తీర్పు హైదరాబాద్ కేసులోనే వచ్చింది. మలేరియా విభాగంలో పనిచేసే ఒక అధికారి 2002 జూలై 20న చలి జ్వరంతో బాధపడుతున్న తన భార్యను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించారు. అక్కడ టైఫాయిడ్‌కు వైద్యం జరిగింది. పరిస్థితి విషమించి నాలుగు రోజుల తరువాత మరో ఆసుపత్రికి తరలించగా ఆమె మరణించారు. మలేరియాకు చికిత్స చేయలేదన్న మాట మొదటి ఆసుపత్రి వైద్యుని వాంగ్మూలంలోనే నమోదైంది.

జిల్లా ఫోరం రూ. 2 లక్షల పరిహారాన్ని, రూ. 10 వేల ఖర్చుల వాపసును మంజూరు చేసింది. నిపుణుని సాక్ష్యం లేదంటూ రాష్ట్ర కమిషన్ దానిని కొట్టివేయగా, జాతీయ కమిషన్ దానితో ఏకీభవించింది. వి.కిషన్‌రావు వర్సెస్ నిఖిల్ సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్‌గా ప్రసిద్ధమైన ఈ కేసులో సుప్రీంకోర్టు 2010 మార్చి 8న జిల్లా ఫోరం ఉత్తర్వును పునరుద్ధరించింది. ప్రతి కేసులోనూ నిపుణుని అభిప్రాయం తప్పనిసరి కాదని, చికిత్స రికార్డును బట్టియే తప్పు కనిపిస్తున్నప్పుడు దానిపై ఆధారపడవచ్చునని తీర్పు సారాంశం. ఇందులో రెండు పాఠాలు కలవు. నిపుణుడు లేకపోయినా రికార్డు మాట్లాడుతుంది. అయితే 2002లో జరిగిన మరణానికి తుది న్యాయం 2010లో గాని దక్కలేదు. పక్షానికి నోటీసు అందిన మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో కేసు తేల్చాలని చట్టం చెబుతున్నా, కుటుంబాలు దీర్ఘకాల పోరాటానికి సిద్ధపడవలసి ఉన్నది.

మరో ముఖ్యమైన తీర్పు నిజాం వైద్య విజ్ఞాన సంస్థకు సంబంధించినది. 1990 అక్టోబరులో ఛాతీలోని గడ్డకు శస్త్రచికిత్స పొందిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థికి నడుము కింది భాగం చచ్చుబడింది. గడ్డ తొలగింపునకు తగిన సమ్మతి తీసుకోకపోవడాన్ని, నాడీ శస్త్రచికిత్స నిపుణుని భాగస్వామిని చేయకపోవడాన్ని న్యాయస్థానం లోపాలుగా పరిగణించింది. జాతీయ కమిషన్ 1999లో నిర్ణయించిన రూ. 15.50 లక్షల పరిహారాన్ని సుప్రీంకోర్టు 2009 మే 14న రూ. కోటికి పెంచింది. చక్రాల కుర్చీకి పరిమితమైన బాధితుడు తన కేసును తానే వాదించుకోవడం విశేషం.

ప్రభుత్వ ఆసుపత్రిలో హాని జరిగితే

అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యమందించే ప్రభుత్వ ఆసుపత్రి వినియోగదారుల చట్టం పరిధిలోకి రాదని శాంత తీర్పు పేర్కొన్నది. పేరు నమోదుకు నామమాత్రపు రుసుము తీసుకున్నా ఈ స్థితి మారదు. కొందరి వద్ద ఫీజు తీసుకొని, కొందరికి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రిలోనైతే ఉచిత రోగి కూడా వినియోగదారుడే. ఈ లెక్కన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జరిగిన హానికి కమిషన్ తలుపు తట్టడం సాధారణంగా ఫలించదు.

అంతమాత్రాన ప్రభుత్వానికి బాధ్యత లేదని కాదు. శస్త్రచికిత్స సమయంలో కడుపులో తువ్వాలు వదిలివేయగా మహిళ మరణించిన ఔరంగాబాద్ ప్రభుత్వ ఆసుపత్రి కేసులో, ఉద్యోగుల నిర్లక్ష్యానికి రాష్ట్రమే బాధ్యత వహించాలని సుప్రీంకోర్టు 1996లో తీర్పునిచ్చింది. చెన్నై ఎగ్మోర్ ప్రభుత్వ ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన శిశువుకు కంటి పరీక్ష చేయించాలన్న సలహా ఇవ్వనందున చూపు పోయిన కేసులో 2015లో సుమారు రూ. 1.80 కోట్లు చెల్లించాలని ఆదేశించింది. అత్యవసర స్థితిలో ప్రభుత్వ ఆసుపత్రి వైద్యం నిరాకరించడం రాజ్యాంగంలోని 21వ అధికరణకు భంగమని కూడా 1996లోనే చెప్పింది. అందువలన బాధితులు సివిల్ కోర్టులో దావా వేయవచ్చు, లేదా 226వ అధికరణ కింద హైకోర్టును ఆశ్రయించవచ్చు. ప్రభుత్వంపై దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షను కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి. మరణానికి సంబంధించి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద వేసే దావాకు గడువు రెండేళ్లు. ఏడాది లోపు మానవ హక్కుల కమిషన్‌కు కూడా ఫిర్యాదు చేయవచ్చు. అయితే కమిషన్ చేసేది సిఫారసు మాత్రమే.

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగిన కుటుంబ నియంత్రణ శిబిరంలో 34 మంది మహిళలకు శస్త్రచికిత్స చేయగా నలుగురు మరణించారు. ప్రభుత్వం విచారణ జరిపించి, బాధ్యులపై శాఖాపరమైన చర్య తీసుకొని, ఒక్కొక్క కుటుంబానికి రూ. 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. ఎక్స్‌గ్రేషియా తక్షణ ఊరట మాత్రమే. అది తప్పు ఎవరిదో తేల్చదు, న్యాయస్థానం లెక్కగట్టే పరిహారానికి సమానమూ కాదు. ఈ భేదాన్ని వార్తల్లో స్పష్టపరచవలసిన అవసరం ఉన్నది. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స విఫలమైనా, వికటించినా పరిహారం చెల్లించే కేంద్ర ఇండెమ్నిటీ పథకం కూడా ఉన్నందున, జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి కార్యాలయంలో ఆ దరఖాస్తును ఆలస్యం లేకుండా సమర్పించాలి.

ఆరోగ్యశ్రీ, ఈ.ఎస్.ఐ. రోగులు

మేళ్లచెరువు ప్రాంత సిమెంటు కార్మికులలో ఈ.ఎస్.ఐ. పరిధిలో ఉన్నవారికి 2007 నాటి కిశోర్‌లాల్ కేసు తీర్పు వర్తిస్తుంది. కార్మికుని వేతనం నుంచి చందా చెల్లింపు జరుగుతున్నందున ఈ.ఎస్.ఐ. వైద్యం ఉచితం కాదని, అతడు వినియోగదారుడేనని సుప్రీంకోర్టు తేల్చింది. ఆరోగ్యశ్రీ కింద ప్రైవేటు ఆసుపత్రిలో చేరిన రోగి తన జేబు నుంచి చెల్లించకపోయినా, ఆసుపత్రికి సొమ్ము ముడుతుంది. రోగి తరఫున ఇతరులు చెల్లించినా అతడు లబ్ధిదారుగా వినియోగదారుడేనన్న సూత్రం, ఫీజు రోగులు కూడా ఉన్న ఆసుపత్రిలో ఉచిత రోగికీ రక్షణ ఉన్నదన్న శాంత తీర్పు, ఈ రెండూ అతని వాదనకు బలమిస్తాయి. అందువలన "కార్డు మీద ఉచితంగా చేశాం, కేసు లేదు" అన్న మాటను ముఖవిలువకు తీసుకోరాదు.

అర్హత లేని వైద్యులు

ఊరి రోగికి మొదటి చికిత్స చేసేవారిలో చాలామందికి గుర్తింపు పొందిన వైద్యపట్టా లేదు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షను ప్రకారం నమోదు కాకుండా వైద్యం చేయడం ఏడాది వరకు జైలు, రూ. 5 లక్షల వరకు జరిమానా లేదా రెండింటికీ అర్హమైన నేరం. ఈ నేరాన్ని కోర్టు స్వీకరించాలంటే వైద్య మండలి వంటి సంస్థ అధికారమిచ్చిన అధికారి లిఖితపూర్వక ఫిర్యాదు కావాలి. కనుక గ్రామస్థులు తమ విజ్ఞప్తిని హైదరాబాద్‌లోని తెలంగాణ వైద్య మండలికి, ప్రతిని జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి పంపడం ఉపయుక్తం. పరిహారం విషయంలో, తనకు అర్హత లేని విధానంలో వైద్యం చేయడమే నిర్లక్ష్యమని పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు 1996లో చెప్పియున్నది. అటువంటప్పుడు చికిత్స సరైనదా కాదా అన్న లోతైన చర్చ అవసరం పడదు.

అయితే వీరి వద్ద చీటీ గాని, రసీదు గాని ఉండదు. ఫోన్ ద్వారా జరిపిన చెల్లింపు వివరాలు, వాడిన మందుల అట్టలు, సెలైన్ సీసాలు, తరువాత చేరిన ఆసుపత్రిలో "ముందు ఎక్కడ చూపించారు" అన్న ప్రశ్నకు ఇచ్చిన జవాబు నమోదైన కేసు షీటు ఇక్కడ సాక్ష్యాలవుతాయి.

పోలీసు ఫిర్యాదు

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106(1) సెక్షను ప్రకారం నిర్లక్ష్యం వలన మరణం సంభవిస్తే ఐదేళ్ల వరకు జైలు, జరిమానా. నమోదైన వైద్యుడు వైద్య ప్రక్రియ జరుపుతుండగా మరణం సంభవిస్తే గరిష్ఠ శిక్ష రెండేళ్లు. ఈ మినహాయింపు పేరు నమోదైన వైద్యులకే గనుక, అర్హత లేనివారికి ఐదేళ్ల నిబంధనయే వర్తిస్తుంది. హాని మాత్రమే జరిగితే 125వ సెక్షను ఉన్నది.

జాకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం దర్యాప్తు అధికారి వైద్యునిపై చర్యకు ముందు స్వతంత్రుడైన, వీలైతే ప్రభుత్వ సర్వీసులోని వైద్యుని అభిప్రాయం పొందాలి. యాంత్రికంగా అరెస్టు చేయరాదు. లలితా కుమారి కేసులో 2013లో వైద్య నిర్లక్ష్యపు ఫిర్యాదులపై ప్రాథమిక విచారణకు సుప్రీంకోర్టు అనుమతించింది. కాబట్టి వెంటనే ఎఫ్.ఐ.ఆర్. నమోదు కాలేదన్నంత మాత్రాన పోలీసులు కుమ్మక్కయ్యారని రాయడం తొందరపాటు కావచ్చు. అదే సమయంలో, అభిప్రాయం పేరుతో నెలల తరబడి ఫైలు కదలకపోతే అది ప్రశ్నించవలసిన విషయమే. సంఘటన పొరుగు రాష్ట్రంలో జరిగినా స్థానిక స్టేషనులో జీరో ఎఫ్.ఐ.ఆర్. నమోదుకు భారతీయ నాగరిక సురక్షా సంహిత వీలు కల్పిస్తున్నది. క్రిమినల్ కేసు, వినియోగదారుల కేసు ఏకకాలంలో నడవవచ్చు. ఒకటి తేలేవరకు మరొకటి ఆపనవసరం లేదు.

వైద్య మండలి, జిల్లా యంత్రాంగం

వైద్య మండలి హెచ్చరించగలదు, కొంతకాలం లేదా శాశ్వతంగా రిజిస్టరు నుంచి పేరు తొలగించగలదు. పరిహారం ఇప్పించదు. ఫిర్యాదుపై ఆరు నెలల్లో నిర్ణయం తీసుకోవాలని 2002 నాటి వృత్తి నియమావళి నిర్దేశిస్తున్నది. 2023లో తెచ్చిన కొత్త నియమావళి అదే సంవత్సరం ఆగస్టులో నిలిచిపోయినందున పాతదే వర్తిస్తున్నది. మండలి నిర్ణయంపై అప్పీలు హక్కును చట్టం వైద్యునికి స్పష్టంగా ఇచ్చినా, రోగికి అదే మాటల్లో ఇవ్వలేదు. ఇది చట్టంలోని పెద్ద లోటు. వైద్యుడు ఆంధ్రప్రదేశ్‌లో నమోదైయుంటే ఫిర్యాదు ఆ రాష్ట్ర మండలికి చేయాలి. ఆసుపత్రి అనుమతులు, సిబ్బంది అర్హతలు, కనీస వసతుల లోపాలపై జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి గాని, సోమవారం జరిగే ప్రజావాణిలో కలెక్టరుకు గాని దరఖాస్తు ఇవ్వవచ్చు.

రాజీకి కూడా చట్టబద్ధమైన వేదిక ఉన్నది

రాజీ కోరుకునేవారికి న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద శాశ్వత లోక్ అదాలత్ ఉన్నది. ఆసుపత్రి సేవలు దాని పరిధిలోని ప్రజోపయోగ సేవలే. కోర్టు రుసుము ఉండదు. రాజీ కుదరకపోతే వివాదాన్ని తానే తేల్చగలదు. దాని అవార్డు సివిల్ డిక్రీతో సమానం, అప్పీలు లేదు. ఒకసారి అక్కడ దరఖాస్తు చేస్తే అదే వివాదంపై మరో కోర్టుకు వెళ్లరాదు గనుక ఆలోచించి అడుగు వేయాలి. మహిళలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, అల్పాదాయ వర్గాలు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా న్యాయసేవాధికార సంస్థను గాని, 15100 నంబరును గాని సంప్రదించవచ్చు.

ఆసుపత్రిపై దాడి మాత్రం బాధితునికే చేటు తెస్తుంది. 2008 నాటి చట్టం ప్రకారం వైద్య సిబ్బందిపై హింస, ఆస్తి ధ్వంసం మూడేళ్ల వరకు జైలు, రూ. 50 వేల వరకు జరిమానాతో కూడిన నాన్ బెయిలబుల్ నేరం. జరిగిన నష్టానికి రెట్టింపు చెల్లించాలి. న్యాయం కోరవలసిన కుటుంబం ముద్దాయిగా నిలబడుతుంది.

మొదటి మూడు రోజులే కీలకం

రోగి గాని, అతని ప్రతినిధి గాని లిఖితపూర్వకంగా కోరితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నియమావళి ఆదేశిస్తున్నది. దరఖాస్తు ప్రతిపై ఆసుపత్రి ముద్ర, తేదీ వేయించుకోవాలి. ముద్ర వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. ప్రభుత్వ ఆసుపత్రి విషయంలో సమాచార హక్కు చట్టాన్ని కూడా వినియోగించుకోవచ్చు.

మరణంపై అనుమానం ఉంటే అంత్యక్రియలకు ముందే పోలీసులకు ఫిర్యాదు చేసి పోస్టుమార్టం కోరాలి. గ్రామాల్లో ఇది మనసుకు కష్టమైన పని. తెల్లారేలోగా దహనం చేయాలన్న ఆతురతలో మరణకారణం తేల్చే ప్రధాన ఆధారం చేజారిపోతున్నది. బిల్లులు, స్కానింగ్ రిపోర్టులు, రెఫరల్ చీటీ, 108 వాహనం వచ్చిన సమయం, సమ్మతి పత్రం నకలు భద్రపరచాలి. ప్రమాదాలను, ప్రత్యామ్నాయాలను వివరించిన తరువాతనే సమ్మతి చెల్లుతుందని సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పినందున, రోగికి తెలియని భాషలో ముద్రించిన కాగితంపై వేలిముద్రను బట్టి సమ్మతి సక్రమమేనని భావించనవసరం లేదు.

ముగింపు

చట్టాలు కొరవడలేదు. కొరవడినది వాటికి, మేళ్లచెరువు వంటి మండలానికి మధ్యనున్న వంతెన. కమిషన్ నల్గొండలో, వైద్య మండలి హైదరాబాద్‌లో, రోగి కాగితాలు ఆసుపత్రి బీరువాలో ఉంటున్నాయి. ఈ దూరాన్ని తగ్గించే పని పెద్ద వ్యయంతో కూడినది కాదు. రికార్డుల హక్కును, 1915, 15100 నంబర్లను ప్రతి ఆసుపత్రిలో, గ్రామ పంచాయతీ కార్యాలయంలో తెలుగులో ప్రదర్శించవచ్చు. మండల స్థాయి న్యాయ విజ్ఞాన సదస్సులలో వైద్య నిర్లక్ష్యాన్ని ఒక అంశంగా చేర్చవచ్చు. పోలీసులు కోరిన వైద్య అభిప్రాయానికి జిల్లా స్థాయిలో గడువు విధించవచ్చు.

పాత్రికేయుల పాత్ర కూడా తక్కువ కాదు. పట్టా లేనివారిని 'డాక్టరు' అని రాయకుండుట, విచారణ పూర్తి కాకముందే వైద్యుని దోషిగా చిత్రించకుండుట, బేరంతో ముగిసిన సంఘటన వెంట రెండేళ్ల గడువు ఇంకా ఉన్నదని ఒక్క వాక్యం చేర్చుట వలన పాఠకునికి మేలు జరుగుతుంది. ఆ ఒక్క వాక్యమే, ఇల్లు గడిచే ఆధారం కోల్పోయిన కుటుంబానికి హక్కును గుర్తు చేయగలదు. అదే సమయంలో, నియమం ప్రకారం పనిచేసే వైద్యునికి కూడా అకారణ నిందల నుంచి రక్షణ కల్పించగలదు.